మర్చిపోనివ్వని స్టేషను

“అమ్మగారూ, కాస్త ఆగండి. పెట్టె మర్చిపోయారు.”

తొమోయె ఆగక తప్పలేదు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన స్టేషను గేటు ఉద్యోగి కురియామా తెల్లగుడ్డ చుట్టిన పెట్టెను రెండు చేతులా అందించి, తప్పు తనదే అయినట్టు నడుం దాకా వంగాడు. ఆమె కూడా వంగింది. వంగకపోతే బాగుండదు మరి.

“వెయిటింగ్ రూములో బెంచీ మీద ఉండిపోయింది. నిన్న కూడా ఎవరో ఇలాంటిదే మర్చిపోయి వెళ్ళారు. అస్థికలు కదా... మీవారివా?”

“ఆ. మా ఆయనవి.”

“అయ్యో. జాగ్రత్తగా పెట్టుకోండమ్మా.”

జాగ్రత్తగా ఎక్కడ పెట్టుకోవాలి? ఇసావో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకుని చచ్చాడు. దహనమై బూడిద చల్లారకముందే క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు. గుడివాళ్ళు సమాధి జాగాకు చెప్పిన ధర వింటే చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. వంశం సమాధిలో చోటివ్వనన్నాడు బావగారు. ఇసావో సమ్మె చేయించి ఇంటిపేరు చెడగొట్టాడట. తొమోయెకు కొండమీద వేడినీళ్ళ సత్రంలో గిన్నెలు కడిగే పని దొరికింది. నలుగురికి ఒకటే గది. “ఒక్క సంచీతో రా. అస్థికలూ గిస్థికలూ తేకు, మిగతావాళ్ళు జడుసుకుంటారు” అని ముందే చెప్పేసింది యజమానురాలు. పోనీ సముద్రంలో కలుపుదామంటే కేసంటారు. కూలివాడికి బతికుండగా జాగా ఉండదు, సరే. చచ్చాక కూడా లేదు.

అందుకే ఈ స్టేషనులో వదిలేసి పోదామని వచ్చింది. బండి వచ్చేలోపు వదిలించుకోవాలి.

హాల్లోనే ఓ మూల, నిలబడి తినే నూడుల్స్ కొట్టు ఉంది. అక్కడ ఒక గిన్నె తీసుకుని, పెట్టెను కౌంటరు కింద పెట్టింది. నాలుక కాలుతున్నా గబగబా జుర్రేసి, తలొంచుకుని బయటపడింది. గేటు దాకా పోయిందో లేదో, కొట్టావిడ పెట్టె చంకన పెట్టుకుని వెనకాలే వచ్చేసింది.

“అక్కా, మొగుణ్ణి నా కాళ్ళ దగ్గర వదిలేసి పోతున్నావు. నాకు ఇంట్లో ఉన్నవాడే ఎక్కువ.”

తింటున్న ముసలాళ్ళిద్దరు పులుసులోకి నవ్వుకున్నారు.

“మతి ఉండట్లేదు,” అంది తొమోయె.

“కొత్తలో ఉండదు. గట్టిగా పట్టుకో.” ముడి వదులైందని తనే బిగించి మరీ ఇచ్చింది.

ఈ ఊళ్ళో విరిగిన గొడుగు పారేసుకుందామన్నా కుదరదు, ముగ్గురు తెచ్చిస్తారు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య మనిషి ఊపిరాడక చావొచ్చు. గుడి ధర తగ్గించండయ్యా అని అడగడానికి మాత్రం ఒక్కడూ పరుగెత్తడు.

ఆడవాళ్ళ టాయిలెట్టులో సామాను పెట్టుకునే అర ఉంది. పెట్టెను అక్కడ పెట్టి, “ఏమనుకోకయ్యా” అని బయటికొచ్చేసింది. గేటు దగ్గర కురియామా ఎవరికో దారి చెబుతూ ఆమెను చూడలేదు. మెట్లు దిగి, రెండు బోగీల డీజిలు బండి ఎక్కి, తలుపు పక్కనే కూలబడింది.

వదిలింది.

ఒళ్ళో ఏమీ లేదు. ఎడమచెయ్యి మాత్రం పెట్టెను పట్టుకున్నట్టే ఇంకా వంగి ఉంది. చాచి చూసింది, మళ్ళీ వంగింది. ఆ అర పక్కనే కిటికీ ఉంది, గాలి కొడుతోంది. ఇసావోకు చలి పడదు. దిగుదామా అని లేవబోయేసరికి గంట మోగింది.

“అమ్మగారూ, మళ్ళీ మర్చిపోయారు.”

కురియామా రొప్పుతూ, మూసుకోబోతున్న తలుపులోంచి తెల్లగుడ్డ పెట్టెను ఆమె చేతుల్లో పెట్టాడు. బండి కదిలింది. కనుమరుగయ్యేదాకా అతను వంగే ఉన్నాడు.

తొమోయెకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. పెట్టెను ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ చుట్టేసింది.

“నన్నొదలవు కదా,” అంది మెల్లగా. “సరే, పద. సత్రంలో రానివ్వకపోతే గుమ్మం ముందు ఇద్దరం బైఠాయిద్దాం. నీకు కొత్తా ఏంటి? ఇక ఎవరేమన్నా నిన్ను ఎక్కడా వదలను.”

బండి సొరంగంలో దూరింది. ఒక్కసారి తాకుదామని ఆమె గుడ్డ ముడి విప్పింది.

మూత మీద ఉన్నది ఇసావో పేరు కాదు, ఎవరో ఆడమనిషి పేరు.