ఈ షాపులో సీసం లేదు

"ఒరే లాలో, ఆ సీసం కడ్డీలు ముందు డబ్బాలో పడేసి పైన గుడ్డ కప్పు. ఆవిడ కారు దిగుతోంది."

అబుందియో సరగోసా చేతిలో ఉన్న గ్యాస్ మంట ఆర్పేశాడు. సగం అతికిన ట్రాక్టర్ రేడియేటర్ బల్ల మీద ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. బయట ఫ్రెస్నో ఊరి ఎండలో ఆగిన తెల్ల కారు తలుపు మీద కౌంటీ ప్రభుత్వ ముద్ర ఉంది.

రెండు వారాల కిందట, ప్రభుత్వం నుంచి వచ్చిన ఫీజు ఉత్తరానికి జవాబుగా, ఈ షాపులో సీసం వాడటం లేదని కాగితం మీద సంతకం పెట్టి పంపింది తనే. పదిమందికి తగ్గకుండా పనివాళ్ళుండి, సీసంతో పని చేసే షాపులు ఏటా ప్రభుత్వానికి ఒక ఫీజు కట్టాలి. ఆ డబ్బుతో పనివాళ్ళ ఒంట్లోకి సీసం ఎక్కకుండా చూస్తారట. ఫీజు అంత పెద్దదేం కాదు, అంతవరకే అయితే ఏడుస్తూనో నవ్వుతూనో కట్టేవాడే. కానీ ఒకసారి ఆ జాబితాలోకి పేరెక్కిందంటే రక్త పరీక్షలు, పొగ లాగే గొట్టాలు, స్నానాల గదులు అంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడతాయి. అసలే రైతులు పాతవి అతికించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కుంటున్నారు. ఆ ఖర్చులు మీద పడితే నాన్న పెట్టిన షాపు ఏడాది తిరక్కుండా మూతపడుతుంది. ఆడిన అబద్ధం బయటపడితే ఇవాళే మూతపడుతుంది.

"అన్నా, ఉన్నమాట చెప్పేస్తే పోదా? ఆ ఫీజేదో కట్టేద్దాం," అన్నాడు లాలో గుడ్డ సర్దుతూ. పదహారేళ్ళుగా అక్కడే మంట పట్టుకున్న మనిషి అతను.

"నువ్వు నోరు మూసుకుని నిలబడు. అదే పదివేలు."

ఆవిడ లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మెడలో కార్డు, చంకలో నల్ల ఫైలు.

"అబుందియో సరగోసా గారు మీరేనా? నా పేరు ఒఫీలియా. కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి వచ్చాను. సీసం విషయమై..."

"తెలుసండీ. ఉత్తరం వచ్చింది."

"అమ్మయ్య. అందిందో లేదో అనుకున్నాను. అయితే నేను మళ్ళీ మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. అంకె చూశారు కదా, తక్కువేం కాదు."

ఫీజు గురించి ఇంత బాధపడే ఆఫీసరును అబుందియో పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"చూశానండీ. కానీ మా దగ్గర సీసం అన్నదే లేదు."

అడక్కముందే అనేసి నాలుక్కరుచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే మరి.

"మీరు చాలా నిబ్బరంగా ఉన్నారు. ఇలాంటప్పుడు చాలామంది కూలబడిపోతారు," అంది ఒఫీలియా. అందులో వెటకారం ఏమైనా ఉందా అని అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏమీ కనిపించలేదు.

ఆవిడ ఫైలు తెరిచింది. "ఈ బట్టల్తోనే ఇంటికెళ్తారా?"

"ఇంకేం బట్టల్తో వెళ్తానండీ?"

"ఎవరు ఉతుకుతారు?"

"మా ఆవిడ."

"బయట ఉన్న ట్రక్కు మీదేనా? ఎవరెవరు ఎక్కుతారు?"

"ఇంట్లో అందరం ఎక్కుతాం. పనివాళ్ళూ ఎక్కుతారు."

"ఇంట్లో చిక్కుడు గింజలు దేంట్లో ఉడకబెడతారు? మెక్సికో నుంచి తెచ్చుకున్న, మెరిసే పూత పూసిన మట్టి కుండల్లాంటివేమైనా వాడతారా?"

"స్టీలు గిన్నెలండీ. మా వంటింటితో మీకేం పని?"

"అన్నీ అడగాలి. అదే నా పని."

వీళ్ళింతే అనుకున్నాడు అబుందియో. కుండల గురించి అడుగుతూ అడుగుతూ బీరువాలో చెయ్యి పెడతారు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబు చెప్పాలి.

ఒఫీలియా బల్ల అంచున వేలితో రాసి చూసింది. వేలికి బూడిద రంగు పొడి అంటింది.

"ఇదేంటి?"

"దుమ్ము. పక్కనంతా బాదం తోటలు. కోతల రోజుల్లో ఊరంతా ఇంతే."

ఆవిడ లాలో వైపు తిరిగింది. సరిగ్గా గుడ్డ కప్పిన డబ్బా పక్కనే నిలబడింది. ఇంకో అడుగు వేస్తే కాలికి తగులుతుంది.

"మీరు చెప్పండి. వీటిని దేంతో అతికిస్తారు?"

లాలో నోరు తెరిచాడు.

"తగరంతో," అన్నాడు అబుందియో, లాలో కంటే ముందు. "ఒట్టి తగరం. కొంచెం ఖరీదెక్కువే, అయినా అదే వాడతాం."

ఒఫీలియా నిట్టూర్చింది. "చూడండీ, నేను జరిమానాలు వేయడానికి రాలేదు. ఎక్కడుందో తెలిస్తే ఇవాళే ఆపొచ్చు. దాచిపెడితే మేము ఇంకోచోట వెతుక్కుంటూ పోతాం, ఈలోగా రోజులు గడిచిపోతాయి. నష్టపోయేది మీరే."

లోపలికొచ్చే ప్రతి ఆఫీసరూ జరిమానా వేయనంటూనే మొదలుపెడతాడు. అబుందియోకి ఆ పాట కొత్త కాదు.

"అన్నా..." లాలో గుడ్డ కప్పిన డబ్బా వైపు చూశాడు. "ఆవిడ మంచికే చెప్తున్నట్టుంది."

"నువ్వాగరా."

"ఒకే ఒక్క మాట," అంది ఒఫీలియా. "ఈ షాపులో సీసం ఉందా?"

తాడో పేడో ఇక్కడే తేలిపోవాలి. అబుందియో కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు.

"నాకున్నది ఒక్కతే కూతురు, నాలుగేళ్ళ పిల్ల. మా మరిసోల్ మీద ఒట్టేసి చెప్తున్నా. ఇక్కడ రవ్వంత సీసం కూడా లేదు."

లాలో తల పక్కకు తిప్పుకున్నాడు. ఒఫీలియా కలం ఆగిపోయింది. అబుందియో కళ్ళలోకి చూసి, ఫైలు మూసేసింది. గండం గడిచిందనుకున్నాడు అతను.

"నేనొచ్చింది ఆ పాప రక్తంలో దొరికిన సీసం గురించేనండీ," అంది ఒఫీలియా.