ఈశాన్యం మూల చాలు

వెంకటరత్నం మనిషి మంచివాడు కాదని, అతని ఇంటి ముందు ట్రాక్టరు ఆగిన రోజునే తేల్చేశాడు అచ్చయ్య.

అంతకుముందు ఆ ఇంటి పొలమంతా అచ్చయ్య అరకే దున్నేది. ట్రాక్టరు వచ్చాక అతనికి మిగిలింది చిల్లకల్లు దగ్గర, హైవే పక్క చేనొక్కటే. గులకరాళ్ల నేల. దాన్ని వెంకటరత్నం దగ్గరే కౌలుకు తీసుకుని పత్తి వేసుకుంటున్నాడు. ఈ ఏడు అదీ లేదు. తను చెప్పేదాకా ఆ చేలో కర్రు దించొద్దని కబురు పంపాడు వెంకటరత్నం. దానికీ ట్రాక్టరే పెడతాడని ఊళ్లో అనుకున్నారు.

చేను లేకపోతే ఎద్దులెందుకు? కంచికచర్ల నుంచి ఎద్దుల బేరగాడు వచ్చి పళ్లు చూసి వెళ్లాడు. వాటిని ఎక్కడికి తోలుకుపోతాడో అచ్చయ్య అడగలేదు. అతనూ చెప్పలేదు.

బేరగాడు మళ్లీ వచ్చి పలుపు మీద చెయ్యి వేసిన రోజునే వెంకటరత్నం మోటారు సైకిలు గుమ్మంలో ఆగింది.

"ఒరే అచ్చయ్యా, రేపు ముహూర్తం బాగుందంట. రోడ్డు పక్క చేను దున్నాలి. అరక తోలుకురా."

"ట్రాక్టరుందిగా అయ్యగారూ."

"దాంతో కుదరదురా. ఎద్దులే కావాలి."

బేరగాడు పలుపు వదిలేసి, టీ కూడా తాగకుండా పోయాడు. ఎద్దులే కావాలన్న మాట అయ్యగారి నోట వినడానికి నాలుగేళ్లు పట్టిందని భార్యతో చెప్పాడు అచ్చయ్య.

"నీ మీద ప్రేమ పొంగిందా, డీజిలు రేటు పొంగిందా?" అంది తాయారు. అంటూనే ఎద్దుల కొమ్ములకు పసుపు రాసింది.

తెల్లారి చేను దగ్గర హడావుడిగా ఉంది. సిద్ధాంతి, కొబ్బరికాయలు, బూట్లేసుకున్న విజయవాడ మనుషులు నలుగురు. వెంకటరత్నం అచ్చయ్య భుజాన కొత్త తువ్వాలు కప్పాడు. చినుకు పడలేదు, విత్తనాల బస్తా కనపడలేదు. మొదటి చాలు ఈశాన్యం మూల నుంచి తోలమన్నాడు సిద్ధాంతి. పెద్దిళ్ల పద్ధతులు ఇలాగే ఏడుస్తాయనుకుని మేడి పట్టాడు అచ్చయ్య.

కర్రు రాళ్ల మీద కీచుమన్నా చాలు దారం పట్టినట్టు వచ్చింది. బూట్లవాళ్లు ఫొటోలు తీశారు. ట్రాక్టరు డ్రైవరు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. అతని ముందుకొచ్చినప్పుడల్లా ఎద్దుల్ని కావాలనే నెమ్మదిగా తిప్పాడు అచ్చయ్య.

ఒక మలుపు దగ్గర వెంకటరత్నాన్ని కౌలు సంగతి అడిగాడు.

"ముందు దున్నరా."

సగం చేను కూడా కాకముందే సిద్ధాంతి ఆపమన్నాడు.

గుప్పెడు నవధాన్యాలు దుక్కిలో చల్లి, బూట్లవాళ్ల వైపు తిరిగి, "ఎద్దులు తొక్కి దున్నిన నేల ఇళ్లకు శుభమండీ, ఇక రాళ్లు పాతించుకోండి" అని సిద్ధాంతి అనగానే, అచ్చయ్య కౌలు చేను, రెండెకరాల ముప్పై సెంట్లూ, అచ్చయ్య నాగలితోనే ప్లాట్లయిపోయింది.