పెవరెల్ దొరగారి పటం

"తొందరగా లోపలికి తేవయ్యా వాసిల్! దొరగారి విమానం దిగింది!" అని గావుకేక పెట్టాడు సార్జెంట్ మెక్‌ఫీ.

బయటినుంచి పరుగున వచ్చిన వంటవాడు వాసిల్, చంకలోని చెక్క చట్రాన్ని పొయ్యి వెనక మేకుకి తగిలించాడు. కోడిగుడ్డు ఆకారం. మెక్‌ఫీ స్వయంగా చెక్కి నున్నగా తోమిన పనితనం.

"పోనీ మంచులో దాచేద్దామా?" అన్నాడు వాసిల్.

"సున్నాకి నలభై కింద! బయటుంటే దాన్ని మళ్లీ ముట్టుకోగలమా?"

లూన్ రివర్ సైనిక విమానాశ్రయంలో చలికి చలించని మనిషి లేడు. అలాస్కా పోయే యుద్ధవిమానాలు వాలతాయి, పెట్రోలు పోయించుకుంటాయి, పోతాయి. పోలేనిది సిబ్బందే. పుట్టిన పాపని ఇంకా చూడని వాసిల్‌కి ఎట్టకేలకు క్రిస్మస్ సెలవు దొరికింది. అయితే తనిఖీకొచ్చే పెవరెల్ గారిది పెద్ద పదవి, అంతకన్నా పెద్ద పట్టింపు. గోడమీద సొంత వస్తువు కనబడిందా, సెలవులు రద్దు. అధికారుల పటాలకే మినహాయింపు.

"పటమే కావాలా? పట్టు!" మెక్‌ఫీ పాత పేపర్లోంచి దొరగారి ఫొటో చింపాడు. వాసిల్ అట్లపిండి రాసి చట్రం మధ్యలో అతికించాడు.

తలుపు తెరుచుకుంది. పెవరెల్ చూపు తిన్నగా గోడమీదికే వెళ్లింది.

"నేనేనా?"

"తమరే సార్!" మెక్‌ఫీ కాలు మార్చి కాలు వేస్తున్నాడు. కళ్లు మాత్రం చట్రం మీదే.

పెవరెల్ తడిమి చూశాడు. "వెచ్చగా ఉందే!"

"తమరికి చలి తగలకూడదని సార్."

"రోజూ చూస్తారా?"

"పొద్దున్న లేవగానే అందరం ముందు దాని దగ్గరికే. అది లేనిదే మాకు రోజు గడవదండీ."

పెవరెల్ కళ్లు చెమర్చాయి. "ఇంత అభిమానమా! మా ఆవిడ నమ్మదు. పట్టుకెళ్లి హాల్లో పెడతాను."

"సార్, అదొక్కటీ..."

"మొహమాటం వద్దోయ్!"

వాసిల్ సెలవు ఖాయమని సెలవిచ్చి, పటం చంకన పెట్టుకుని, దొరగారు సెలవు తీసుకున్నారు. విమానం లేచిపోయింది.

వాసిల్ గంతులేస్తూ సంచి సర్దుకోసాగాడు. "నాకేం! ఇంటికెళ్తున్నా!"

"నవ్వకురా," మెక్‌ఫీ పళ్లు బిగించి అన్నాడు. "నీ విమానం ఎల్లుండి గానీ రాదు."

వాసిల్ నవ్వు ఆగిపోయింది.

శిబిరం మొత్తానికీ మరుగుదొడ్డి పీట అదొక్కటే.