కంచం చప్పుడు

"ఆ మలుపులో కూచునే ముసలమ్మని ఇవాళ అక్కణ్ణుంచి లేపాలి ఆనంద్ పాల్. ఎనిమిదింటికి డీఐజీ గారి కారు ఆ దారినే వస్తుంది."

ఎస్సై గోపీనాథ్ గారు టీ గ్లాసు కింద పెట్టకుండానే చెప్పేశారు.

డిసెంబరు ముప్ఫై. పదింటికి ఏలూరులో ఏడాది చివరి మీటింగు. కొల్లేటి పక్కనున్న ఆ చిన్న స్టేషను తరఫున రిపోర్టు రాసింది హెడ్ కానిస్టేబుల్ ఆనంద్ పాలే.

రిపోర్టులో చెప్పుకోదగ్గవి రెండే రెండు ముక్కలు.

ఒకటి, జంట చెరువుల మలుపులో ఈ ఏడాది ఒక్క చావూ లేదు. పోయినేడాది ఏడుగుర్ని మింగిన మలుపది. రోడ్డు నేరుగా వచ్చీ వచ్చీ ఉన్నట్టుండి ఎడమకి తిరుగుతుంది. తిరక్కపోతే చేపల చెరువే.

రెండోది, రోడ్ల మీద అడుక్కునే ఇరవై ఆరుగుర్ని ఏలూరు ఆశ్రమానికి చేర్చారు.

"ఈవిడతో ఇరవై ఏడు," అన్నారు ఎస్సై గారు. "ఆ సున్నా మన రిఫ్లెక్టర్ బోర్డుల వల్లేనని రాశావా?"

"రాశానండీ. కానీ బోర్డులు వెనక గదిలోనే ఉన్నాయి కదండీ. అట్టలు కూడా విప్పలేదు."

"పాతిస్తాంలేవయ్యా! సున్నా వచ్చిందా లేదా?"

వచ్చింది. ఎలా వచ్చిందని రిపోర్టుల్లో ఎవరడుగుతారు గనక! ఆనంద్ పాల్ కూడా అడగలేదు.

అతని ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉంది. తాడేపల్లిగూడెం బదిలీ.

భార్య జెస్సీ గూడెంలో టీచరు. రోజూ ఆరింటికల్లా బంగార్రాజు ఆటో ఎక్కాలి, ఆ మలుపు దాటాలి, మెయిన్ రోడ్డు మీద బస్సు పట్టుకోవాలి. మంచు రోజుల్లో ఆవిడ "చేరానండీ" అని ఫోన్ చేసేదాకా ఇతనికి ముద్ద దిగదు. పెద్దాఫీసరు మెచ్చుకుంటే బదిలీ ఖాయమని ఎస్సై గారి మాట.

జీపు తీసుకుని బయల్దేరాడు. మంచు గోడ కట్టినట్టు పట్టేసింది. పక్కనున్న చెరువు కూడా కనపడటం లేదు.

మలుపు మొదట్లో గోనెపట్టా పరుచుకుని కూచుంది ముసలమ్మ. ఒళ్ళో సత్తు కంచం. గరిటెతో టంగు టంగుమని కొడుతోంది.

ఈవిడ సంగతి జెస్సీ ఓసారి చెప్పింది. "ఏవండీ, పది రూపాయలిస్తే తీసుకోలేదండీ. నా మొహమైనా చూడకుండా కొడుతూనే ఉంది."

"కంచం పట్టుకుని రోడ్డు మీద కూచుంటే అడుక్కోవడం కాక ఇంకేంటి? మతి లేదేమో పాపం," అన్నాడు ఆనంద్ పాల్. అంతటితో మర్చిపోయాడు.

"లే మామ్మా. ఏలూరు వెళ్దాం. వేడన్నం పెడతారు, దుప్పటిస్తారు."

"మంచు విడవనీ బాబూ. విడిచాక వస్తా."

"ఈ మంచులో కొయ్యబారిపోతావనే కదా తీసుకెళ్ళేది!"

"నాకేం చలి లేదు బాబూ. కాసేపు ఆగు."

ఆగితే కారు వచ్చేస్తుంది. రెండు చేతులూ పట్టుకుని మెల్లగానే జీపెక్కించాడు. పాపం, ఆవిడ బరువే లేదు.

"కంచమైనా ఇక్కడ వదిలెయ్ బాబూ! ఎవరో ఒకరు..."

"ఈ సొట్ట కంచం ఎవరిక్కావాలి మామ్మా?" అని కంచం కూడా జీపులో పడేశాడు.

దారి పొడుగునా ఆవిడ వెనక్కి చూస్తూనే ఉంది. ఆశ్రమం గుమ్మంలో పేరడిగితే నోరు విప్పలేదు. జాబితాలో ఇరవై ఏడో వరసలో ఆనంద్ పాలే రాశాడు: పేరు తెలియదు, వృత్తి అడుక్కోవడం.

మీటింగులో డీఐజీ గారు ఆ సున్నా దగ్గర ఆగారు. "శభాష్! ఇదీ పనంటే!" అన్నారు. హాలంతా చప్పట్లు. సాయంత్రానికి బదిలీ కాగితం చేతికొచ్చింది.

జెస్సీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకుంది. "రేపొక్క రోజేనండీ ఈ ఆటో. తర్వాత హాయిగా నడిచే వెళ్ళొచ్చు స్కూలుకి."

"అయితే రేపటి చీర నేనే ఇస్త్రీ చేస్తా," అన్నాడు నవ్వుతూ. చేశాడు కూడా. నీలం చీర.

మర్నాడు పొద్దున ఇంకా మంచు. ఆరుంబావుకి ఫోన్ మోగితే "చేరావా?" అన్నాడు.

జెస్సీ కాదు. స్టేషను.

అతను వెళ్ళేసరికి ఆటోని తాళ్ళు కట్టి చెరువులోంచి లాగుతున్నారు. ముగ్గుర్ని గట్టు మీద పడుకోబెట్టి దుప్పట్లు కప్పారు. మూడో దుప్పటి కిందనించి నీలం చీర అంచు నీళ్ళోడుతోంది.

ఆనంద్ పాల్‌కి ఏడుపు రాలేదు. పక్కనే ఒళ్ళంతా తడిసి కూలబడ్డ బంగార్రాజు కనపడ్డాడు. పోయి వాడి చొక్కా పట్టుకున్నాడు.

"రోజూ తిరిగే దారి కదరా! మలుపుందని తెలీదురా నీకు?"

బంగార్రాజు చెయ్యి విడిపించుకోలేదు. ఖాళీగా ఉన్న గోనెపట్టా వైపు చూశాడు.

"మంచులో ఈ మలుపు ఏనాడు కనపడిందండీ? ఏడాదిగా బళ్ళవాళ్ళమంతా సూరమ్మ మామ్మ కంచం వినే తిప్పుతున్నామండీ. ఇవాళ కంచం మోగలేదు కదండీ... మలుపింకా రాలేదనుకున్నాను."