సర్వర్ వేలిముద్ర

"ఫైళ్లు ఇంకా వెళ్లలేదా?" ఆశ్రయం నడిపే జిబెక్ అక్క మళ్లీ వచ్చి నిలబడింది.

మేరిమ్ తల దించుకుంది. "లేదక్కా. అవతలి సర్వర్ వేలిముద్ర, అంటే అది అసలుదేనని చెప్పే గుర్తు, మన దగ్గరున్న దానితో కలవడం లేదు. కలవకపోతే పంపొద్దని కోడ్‌లో నేనే రాశాను. అందుకే ఆగిపోతోంది."

"సర్వర్ మార్చాం, ఇవాళే పంపమని బిష్కెక్ హెడ్డాఫీసు నుంచి మెయిల్ పెట్టారుగా! కొత్తదానికి పాత వేలిముద్ర ఎలా ఉంటుందే? ఓష్ శాఖ వాళ్లు పంపేశారు, తలాస్ వాళ్లూ పంపేశారు. మన నారిన్‌కే వచ్చిందా ఈ అనుమానం?"

పక్క బల్ల దగ్గర చోల్పోన్ కిసుక్కున నవ్వింది. "మన కిర్గిజ్ పెద్దల్లా సర్వర్‌ని కూడా ఏడు తరాల తాతల పేర్లు చెప్పమంటోందక్కా!"

గదిలో అందరూ నవ్వారు. మేరిమ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఫైళ్లలో ఉన్నవి, ఎత్తుకెళ్లి బలవంతంగా పెళ్లి చేసుకోబోతే తప్పించుకుని ఈ ఆశ్రయానికి చేరిన అమ్మాయిల కొత్త చిరునామాలు. ఎత్తుకెళ్లినవాళ్లు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. పారిపోకుండా ఆ ఇంటి గుమ్మానికి అడ్డంగా పడుకున్న ముసలమ్మను దాటితే శాపం తగులుతుందని అందరూ బెదిరిస్తున్నా, దాటి వచ్చిన పిల్లలు వాళ్లు. వాళ్ల కోసం పనిచేసే మేరిమ్‌కు మాత్రం పెద్దవాళ్ల మాట దాటడం చచ్చినా చేతకాదు.

"హెడ్డాఫీసులో సర్వర్లు చూసే కుబాత్ అన్నను ఒక్కమాట అడుగుదామక్కా. ఫోన్ చేస్తూనే ఉన్నా, ఎత్తడం లేదు."

"సర్వర్లు మార్చే హడావిడిలో ఉంటాడు. నువ్వు తెలివైనదానివని అందరితో పోట్లాడి తెచ్చుకున్నాను. నా పరువు ఇలాగా తీస్తావు?"

ఆ మాట సూటిగా తగిలింది. ఇంత నమ్మిన మనిషికి తలవంపులు తెచ్చానే అని మేరిమ్ కుంగిపోయింది. వేలిముద్ర సరిచూసే లైన్‌ను కోడ్‌లోంచి తీసేసింది. ఫైళ్లు చకచకా వెళ్లిపోయాయి.

"చూశావా, ఎంతసేపు పట్టింది?" జిబెక్ అక్క ఆమె వీపు తట్టి, టీ, నూనెలో వేయించిన బూర్సోకులు తెప్పించింది.

"క్షమించక్కా. సొంత మనుషుల్నే అనుమానించాను," అంది మేరిమ్, సిగ్గుతో సగం చచ్చిపోతూ.

"పోనీలే, తిను."

అప్పుడు మోగింది ఫోన్. కుబాత్.

"ఏంటమ్మా, అన్నిసార్లు చేశావు? దారిలో సిగ్నల్ లేదు."

"ఏం లేదన్నా, పనైపోయింది. మీరు మార్చిన సర్వర్ గురించే..."

"మేం ఏ సర్వరూ మార్చలేదే!"