ఎవరు అరుస్తారో

రేడియో ప్రధాన కేంద్రంలో కొత్త డిజిటల్ ప్రసార పరికరానికి సెట్టింగులు పెడుతోంది ఆమె. కార్యక్రమాల డేటా వెళ్ళే నెట్‌వర్క్ చిరునామాల్లో ఒకటి ఏ స్టేషన్‌దో ఎంత వెతికినా అంతుపట్టలేదు.

"ఎవరిదో తెలియకపోతే తీసేసి కూర్చోవడమే. కావలసినవాళ్ళు వాళ్ళే అరుస్తారు" అనేవారు పని నేర్పిన పెద్దాయన.

తీసేసింది. నాలుగు నిమిషాలకల్లా ఆఫీసు ఫోను మోగింది.

"ఏమ్మా, అందరూ నిద్రపోతున్నారా? ఇక్కడ కొండమీద స్టేషన్ మూగబోయింది! మేమంటూ ఉన్నామని ఒక్కరికైనా గుర్తుందా?" అక్కడి ఆపరేటరు నిప్పులు చెరిగాడు.

"మీ స్టేషన్ జాబితాలో లేదండీ. ఇదిగో, కలిపేస్తున్నా."

చిరునామా తిరిగి చేర్చింది. ఫోనులో అవతల పాట మళ్ళీ మొదలైంది. అయినా ఆయన శాంతించలేదు. తమను ఎన్నాళ్ళుగా గాలికొదిలేశారో ఏకరువు పెట్టాడు. ఆమె అడ్డు రాలేదు.

"వింటున్నావా తల్లీ?"

"వింటున్నా బాబాయ్, చెప్పండి."

ఆయన పెట్టేశాకే ఆమె ఫోను దించింది. బల్ల సొరుగు లాగింది. సోమవారం తనంతట తానే ఆపి అందులో పడేసిన సొంత ఫోను తీసి, ఆన్ చేసింది. ఒక్క మెసేజీ కూడా రాలేదు.

ఇవాళ శుక్రవారం.

ఎవరూ అరవలేదు.