ఈశ్వరప్ప నాలుక

"ఆ సీసా గడప దాటి లోపలికొచ్చిందంటే నేను బయటికి పోతా!" రత్నమ్మ రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టి నిలబడింది.

వేణుగోపాల్ సీసాను చంకలో దాచుకున్నాడు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా బైకు మీద, తడిగుడ్డ చుట్టి, పెనుకొండలో ఒకసారి ఐసు మార్చి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చిన సీసా అది.

"సారాయి కాదమ్మా. మా చిన్న ఫ్యాక్టరీలో నేనే తయారుచేసిన బీరు. పేల్ ఏల్ అంటారు."

"పేరు ఏదైతే ఏమప్పా? చౌడమ్మతల్లి పటం ఉండే ఇల్లు ఇది."

లోపలి నుంచి ఈశ్వరప్ప గొంతు వినిపించింది. "రానీలేవే! తాగేదానికి పిలిచినానా? నాలుక మీద ఏసుకొని ఉమ్మేస్తా. రంగునీళ్ళు చూసినట్లే."

పట్టుకు రంగులేసేవాళ్ళు ధర్మవరంలో చాలామందే ఉన్నారు. నీళ్ళ సంగతి వచ్చిందంటే మాత్రం అందరూ ఈశ్వరప్ప గడపే తొక్కుతారు. పట్టు ముంచే ముందు నీటిచుక్క నాలుక మీద వేసుకుని, అది ఏ బోరుదో, అందులో ఏ రంగు పట్టదో చెప్పేస్తాడని పేరు. ఇప్పుడు వేణుగోపాల్‌కూ ఆ పేరే దిక్కయింది. వరసగా మూడు బ్యాచ్‌లు చెడ్డాయి. గుటక దిగాక ఏదో పాడురుచి నాలుకను పట్టుకుని వదలడం లేదు. నీళ్ళు ల్యాబుకు పంపిస్తే బ్రహ్మాండం అన్నారు. సోమవారం నాలుగో బ్యాచ్ పెట్టాలి. అది కూడా చెడితే ఫ్యాక్టరీకి తాళం వేస్తానని భాగస్వామి జయచంద్ర తెగేసి చెప్పాడు.

రత్నమ్మ చేతులు దించింది గానీ ముడిచిన మూతి విప్పలేదు. ఇంటికొచ్చినవాణ్ణి ఊరికే పంపకూడదని రెండు లోటాల్లో కాఫీ తెచ్చి ఠక్కున పెట్టి వెళ్ళింది.

వేణుగోపాల్ ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చక్కెర బదులు ఉప్పు! తొందరలో పడిందో, కోపంతోనే పడిందో. ఈశ్వరప్ప మాత్రం లోటా ఎత్తి గటగటా తాగేసి మీసం తుడుచుకున్నాడు.

"కాఫీ అంటే మా ఇంటిదేనబ్బా!"

పెళ్ళాం కోపంగా ఉన్నప్పుడు ఉప్పు కాఫీని కూడా మెచ్చుకోవాలి కాబోలు. ఇంకా పెళ్ళికాని వేణుగోపాల్ ఆ పాఠం మనసులో రాసుకున్నాడు.

మూత తీసి గ్లాసులో రెండు గుక్కలంత పోశాడు. తెల్లటి నురగ లేచింది. నారింజ తొక్క గిల్లినట్టు వాసన వచ్చింది. ఈశ్వరప్ప గ్లాసును వెలుతురుకు పట్టి మురిసిపోయాడు.

"ఏం రంగబ్బా ఇది! పసుపులో చిటికెడు కుంకం ఏసినట్లుండాది. ఈ రంగు చీరకు ఏ అంచైనా ఒప్పుతాది."

"రుచి చూడు పెద్దాయనా."

ఈశ్వరప్ప ఒక గుక్క నోట్లో పోసుకుని, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పాడు. కళ్ళు మూశాడు. వేణుగోపాల్ ముందుకు వంగాడు. ఈశ్వరప్ప చేత్తోనే 'ఉండు' అని సైగ చేసి, గ్లాసూ సీసా రెండూ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. ఉమ్మిన చప్పుడు, ఆ వెనకే గొంతు వినిపించాయి.

"ఈడ కూర్చో అబ్బా. సీసా అడుగున ఏముండాదో కూడా చూసొస్తా."

ఐదు నిమిషాలయింది. పదయింది. పెరట్లో గుసగుసలు. మధ్యలో రత్నమ్మ దగ్గు. నావల్ల ముసలాయనకు మళ్ళీ చీవాట్లు పడుతున్నాయి పాపం, అని వేణుగోపాల్ నొచ్చుకున్నాడు.

చివరికి ఈశ్వరప్ప ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"ఇనుము!"

"ఏంటి పెద్దాయనా?"

"మీ నీళ్ళు మంచివే. అవి పోయే దావలో యాడనో పాత ఇనుము ఉండాది. ఈ నీళ్ళల్లో గులాబీ రంగు ఏస్తే వంకాయ రంగు తేలుతాది. పోయి చూసుకో."

వేణుగోపాల్ అక్కడికక్కడే ఫ్యాక్టరీలో పనిచేసే ఉమాశంకర్‌కు ఫోన్ చేశాడు.

"ఫిల్టరు నుంచి ట్యాంకుకు పోయే పైపు మొత్తం స్టీలేనా?"

"అంతా స్టీలే సార్. ఉగాదప్పుడు పగిలింది కదా, ఆ వంపు కాడ మాత్రం పాత ఇనుప ముక్క ఏసినాము. మూరెడే సార్."

చెడిన మూడు బ్యాచ్‌లూ ఉగాది తర్వాతవే! వేణుగోపాల్‌కు ప్రాణం లేచొచ్చింది. గబుక్కున వంగి ఈశ్వరప్ప కాళ్ళు పట్టుకున్నాడు.

"నాదేముండాది అబ్బా, అంతా ఆ తల్లి చలవ" అన్నాడు ఈశ్వరప్ప, వంటింటి వైపు చూస్తూ. చౌడమ్మ పటం అక్కడే ఉంటుంది కాబోలని వేణుగోపాల్ కూడా అటే తిరిగి భక్తిగా దండం పెట్టాడు.

బయటికొచ్చి బైకు ఎక్కుతుంటే రత్నమ్మ పేపరు చుట్టిన సీసాతో వెనకే వచ్చింది.

"ఇది కూడా తీసుకుపో. ఎవరన్నా చూస్తే బాగుండదు."

సీసా తేలిగ్గా ఉంది. తను రెండు గుక్కలే పోశాడు, ముప్పాతిక పైగా మిగిలి ఉండాలి.

"మిగిలింది పారబోసినారా అమ్మా?"

రత్నమ్మ వీధి అటూ ఇటూ చూసింది. కొంగుతో మూతి తుడుచుకుని గొంతు తగ్గించింది.

"ఆయనకు కరోనా వచ్చి నాలుక సచ్చిపోయి నాలుగేండ్లయింది, ఎవరితోనూ అనొద్దు. ఈసారి వచ్చేటప్పుడు రెండు సీసాలు తే నాయనా, ఒక్క సీసాకు నాకు ఇనుము కాడికే తెలిసింది."